బొట్టు పెట్టి పిలిచాను

ఆ పిల్లకు బొట్టు పెట్టింది నేనే. ఈ మాట కాలేజీ ఆఫీసులో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మా ఆయన ముందు చెప్పాను. మా ఆడబిడ్డ ముందు అరిచి చెప్పాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఎన్నిసార్లు చెప్పినా బరువు దిగడం లేదు. సముద్రం దాటి చదువుకోవడానికి మా ఊరికి వచ్చిన పిల్ల, నా మూలంగా ఆ చదువు పోగొట్టుకునేదాకా వచ్చింది. ఆమె చేసిన తప్పల్లా నన్ను నమ్మడం.

మాది హనుమకొండ. చౌరస్తా నుంచి లోపలికి వచ్చే సందులో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు బట్టలు, ఫాల్స్, లైనింగు, లంగాలు. చీర తెచ్చి కౌంటరు మీద పరిస్తే దానికి సరిపోయే బట్ట ఏ అరలో ఉందో వెనక్కి తిరిగి చూడకుండా తీస్తాను. ముందు భాగం షాపు, వెనక మేము, మేడ మీద రెండు గదులు అద్దెకు. ఇరవై ఏళ్లు ఇలాగే సాగింది. తర్వాత ఆడవాళ్లు చీరలు ఫోన్లో కొనడం మొదలుపెట్టారు. ఆ చీరతోపాటే జాకెట్టు ముక్క వస్తుంది. ఇంక నా దగ్గరికి ఎవరు వస్తారు? మధ్యాహ్నాలు నేను, మా ఆయన, ఫ్యాను. అంతే.

అలాంటి ఒక మధ్యాహ్నం మా పెద్దాడబిడ్డ ఒక పొడి డబ్బా పట్టుకుని వచ్చింది. పాలలో కలుపుకుని తాగితే కీళ్ల నొప్పులు, షుగరు, నీరసం అన్నీ పోతాయట. అసలు సంగతి పొడి కాదు. డబ్బు కట్టి మనం చేరాలి, మన కింద ఇద్దరిని చేర్చాలి, వాళ్లు మరో ఇద్దరిని. కింద ఎంతమంది పెరిగితే పైన మనకు అంత. మా ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, గిది ఉప్పుడుపిండి లెక్కుంది" అన్నాడు. మా ఆడబిడ్డ ఆయన్ని ఒక్క చూపు చూసింది. నేను చేరాను.

మొదటి రోజే తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమన్నారు. నేను నూట నలభై రాశాను. షాపు నడిపేదానికి పేర్లకు కరువా? ఆరు నెలలు తిరిగేసరికి ఆ నూట నలభై మందిలో సగం మంది నన్ను చూసి సందు మారేవాళ్లు. ఒకసారి పాలకుర్తి గుట్ట మీద దర్శనం లైనులో నిలబడి ముందున్న ఆవిడ మోకాళ్ల గురించి మాట కలిపాను. ఆవిడకు విషయం అర్థమైపోయింది. "దేవుని దగ్గరన్న జర ఊకోరాదమ్మా" అంది. లైనంతా నవ్వింది. వాళ్లతోపాటు నేనూ నవ్వాను. అప్పట్లో నాకు సిగ్గనేది లేదు.

ఆదివారాలు ఒక ఫంక్షన్ హాల్లో మీటింగులు జరిగేవి. మా అందరికీ పైన ఒక మేడం ఉండేది. పట్టుచీర, చేతి నిండా ఉంగరాలు, నోరు తెరిస్తే తేనె. ఆవిడ నేర్పిన ఉపాయమే ఇదంతా. "ఫోన్ చేసి పిలుస్తే ఎవ్వరు రారు. వాట్సప్ పెడ్తే చూసి ఊకుంటరు. కుంకుమ బరిణె పట్టుకొని ఇండ్లకు పోండ్రి. బొట్టు పెట్టి పిలువుండ్రి. బొట్టు పెట్టినంక రాననేటోళ్లు మన దిక్కు ఎవ్వరన్న ఉన్నరా?" అంది. హాలు హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

ఆవిడ చెప్పింది నిజమే. మా దగ్గర పెళ్లికైనా, ఒడిబియ్యానికైనా, నోముకైనా ఇంటి ఆడవాళ్లు స్వయంగా గడప ఎక్కి, ఆ ఇంటామె నుదుట కుంకుమ పెట్టి రమ్మనాలి. కార్డు ఇచ్చి వెళ్లిపోతే అది పిలుపే కాదు. ఒక పెళ్లికి బొట్టు పెట్టలేదని ఇప్పటికీ మాతో మాట్లాడని చుట్టాలున్నారు. పెట్టించుకున్నాక వెళ్లకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఆ మర్యాదను మేము పొడి డబ్బాలు అమ్మడానికి వాడుకున్నాం. పని చేసింది కూడా. బొట్టు పెడుతుంటే ముఖం చిట్లించుకున్నవాళ్లు సైతం ఆదివారం వచ్చి వెనక వరసలో కూర్చునేవాళ్లు.

ఆ వానాకాలంలోనే ఆ పిల్ల మా మేడ మీదికి అద్దెకు వచ్చింది. టాంజానియా నుంచి. ఇరవై ఏళ్లుంటాయి. ఇక్కడి కాలేజీలో కంప్యూటర్ల చదువు. కాలేజీ కాగితాల్లో ఈ ఊళ్లో బాధ్యత తీసుకునేవాళ్లు ఒకరు కావాలంటే, ఇంటామెను నేనే కదా అని లోకల్ గార్డియన్ అన్నచోట నేనే సంతకం చేశాను. షాపుకు వచ్చేవాళ్లంతా నన్ను అక్కా అంటారు కాబట్టి తనూ అక్కా అనడం మొదలుపెట్టింది. ఆమె ఇంగ్లిషు, నా డిగ్రీ నాటి ఇంగ్లిషు, మధ్యలో చేతులు. మా మాటలు అలా నడిచేవి.

మొదటి వారం ఆమె రొట్టె, అరటిపండ్లు తప్ప ఏమీ తినలేదు. ఏం తింటావు మరి మీ దగ్గర అని అడిగితే ఫోన్లో బొమ్మ చూపించింది. తెల్లగా, ముద్దగా. మక్కపిండి అట. ఓసి పిల్లా, దీనికింత ఏడుపా అని, మక్కలు కొని ఆమెను వెంటబెట్టుకుని పిండి పట్టించడానికి గిర్నికి తీసుకెళ్లాను. గిర్నీ ఆయన "గటకకా అక్కా?" అన్నాడు. ఆ పిల్ల పిండి తెచ్చుకుని, ఎసట్లో పోసి, కర్రతో గట్టిగా తిప్పి ముద్ద చేసింది. నాకు పెట్టింది. మా అమ్మ చేసిన మక్క గటకే అది, కాకపోతే కొంచెం గట్టిగా ఉంది. ఆ మాట చెప్పి కోడికూర తెచ్చి వేశాను. ఇద్దరం నేల మీద కూర్చుని చేత్తో తిన్నాం. మా ఇంట్లో ఆమె మొదటిసారి నవ్వింది అప్పుడే.

సందులో ఆడవాళ్లు ఆమె జడలు పట్టుకుని చూడబోతే నేను ఊరుకోలేదు. "ఏందే, మీ జడలు ఎవరన్న పట్టుకుంటే ఊకుంటరా? మనిషా, బొమ్మా?" అని గొంతెత్తాను. ఆటో వాళ్లు రెండింతలు అడిగితే నేను దిగి మాట్లాడేదాన్ని. జ్వరమొస్తే దవాఖానకు తీసుకెళ్లాను. ఇదంతా ప్రేమతోనే చేశాను. ఆ ఒక్క మాట గట్టిగా చెప్పగలను. తర్వాత చేసిన పని అందుకే ఇంకా ఘోరం.

ఒకరోజు మా ఆడబిడ్డ వచ్చి, ఆ పిల్ల మెట్లు దిగి కాలేజీకి పోతుంటే చూసింది. నావైపు తిరిగి, "ఏందే, ఇంట్లనే పెట్టుకొని ఊరంత తిరుగుతానవ్?" అంది.

"చదువుకునే పిల్ల వదినె" అన్నాను.

"అందుకే చెప్తాన. మేడం ఇయ్యాల్నే అన్నది, బయటిదేశం పిల్లలను చూడుండ్రి అని. కొత్తగ వచ్చినోళ్లకు ఇక్కడ అమ్మ లేదు, అన్న లేడు. వద్దని చెప్పేటోళ్లు ఎవరున్నరు? ఎవలు ముందుగాల అక్కా అనిపిచ్చుకుంటె వాళ్ల మాటే వింటరు."

ఆ మాటకు నేను ఆమెను లేచి పొమ్మనాల్సింది. థూ అనాల్సింది. అనలేదు. అప్పటికి నా కింద కొత్తగా ఎవరూ చేరక మూడు నెలలైంది. మీటింగులో నా పేరు చదవడం మానేశారు. మేడం నన్ను చూసి తల తిప్పుకుంటోంది. అంత చిన్న సంగతికి నా లోపల కుతకుతలాడుతుండేది. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శనివారం మధ్యాహ్నం కుంకుమ బరిణె తీసుకుని మెట్లెక్కాను. ఆమె బట్టలు మడత పెట్టుకుంటోంది. నన్ను చూసి చాప వేసింది. "రేపు ఒక మీటింగ్ ఉంది, నువ్వు రావాలి" అని ఆమె నుదుట బొట్టు పెట్టాను. అద్దంలో చూసుకుంది. ఇది పూజా అని అడిగింది. ఆమె క్రైస్తవురాలు. ఆదివారం ఆదివారం కాజీపేట దిక్కు చర్చికి పోయేది. పూజ కాదు, మర్యాద, మా వాళ్లలో సొంతవాళ్లను ఇలా పిలుస్తాం అన్నాను. రాకపోతే ఏమవుతుంది అంది. వాదనకు కాదు, తెలుసుకుందామని అడిగింది.

నేను ఆలోచించకుండా అనేశాను. "బొట్టు పెట్టినంక రానంటే పిలిచిన ఇంటికి మంచిది కాదు."

ఆమె మడత పెడుతున్న బట్ట పక్కన పెట్టింది. మీ ఇంటికా అంది. ఆఁ అన్నాను. అయితే వస్తానంది.

ఆ ఆదివారం చర్చి మానుకుని వచ్చింది. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మన పని దేశాలు దాటిందని మేడం మైకులో చెబితే జనం లేచి నిలబడ్డారు. ఆమె అంతమంది మధ్యలో నన్నే చూస్తోంది. నేను చెయ్యి ఊపాను. ఆరు నెలల ఖర్చులకని వాళ్ల అన్న పంపిన డబ్బు పెట్టి ఆ సాయంత్రమే చేరింది. అది ఏం డబ్బో నాకు తెలుసు. ఆ తర్వాత ఆమె ఒక పూటే వండుకోవడం కూడా నాకు తెలుసు. పైకి గిన్నెతో కూర పంపేదాన్ని. దాంతో చెల్లుకు చెల్లు అనుకున్నాను కాబోలు.

ఏడాది గడిచింది. ఆమెకు మా తెలుగు వచ్చేసింది. ఎవరినీ చేర్చలేదు, పొడి డబ్బాలు మంచం కింద అలాగే ఉండేవి. మళ్లీ వానలు మొదలయ్యాక ఆమె దేశం నుంచి, చుట్టుపక్కల దేశాల నుంచి కొత్త ఆడపిల్లలు నలుగురు వచ్చారు. ఆమే కాజీపేట స్టేషన్‌కు పోయి వాళ్లను తీసుకొచ్చింది. సిమ్ములు, బకెట్లు, దోమతెరలు అన్నీ కొనిపించింది. గిర్ని చూపించింది. ఒక ఏడాది ముందు నేను ఆమెకు చేసిన పనులన్నీ వాళ్లకు చేసింది.

మేడం ఊరుకుంటుందా? కొత్త పిల్లలకు రామప్ప గుడి చూపిద్దామని వ్యాను మాట్లాడింది. పిలిచే బాధ్యత ఆ పిల్లకు అప్పగించమని నాకు చెప్పింది. నేను అప్పగించాను. బయల్దేరే రోజు పొద్దున మా గేటు దగ్గర ఆ నలుగురినీ వరసగా నిలబెట్టి ఆమె బొట్టు పెట్టింది. నా బరిణె నుంచే. మనం ఆదరాబాదరా వేలు ఆనించి వదిలేస్తాం చూడండి, అలా కాదు. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని, నుదుట సరిగ్గా మధ్యన, కళ్లల్లో రాలకుండా చెయ్యి అడ్డం పెట్టి. పెడుతూ వాళ్ల భాషలో ఏదో చెబుతోంది. ఏం చెబుతున్నావని అడిగాను. "నువ్వు చెప్పిందే అక్కా. రాకపోతే ఈ ఇంటికి మంచిది కాదని" అంది. అప్పుడైనా ఆపాల్సింది. వ్యాను హారన్ కొట్టింది, ఎక్కేశాను.

పాలంపేటలో గుడి చూశారు, ఫొటోలు దిగారు, చెరువు గట్టున అన్నం తిన్నారు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో మేడం మొదలుపెట్టింది. రెండు గంటల దారి. నడుస్తున్న వ్యానులోంచి ఎవరు దిగిపోతారు? హనుమకొండ చేరేసరికి నలుగురూ ఒప్పుకున్నారు. మరుసటి ఆదివారం నాకు స్టేజీ మీద స్టీలు డిన్నర్ సెట్టు ఇచ్చారు.

రెండు నెలలకు ఆ నలుగురిలో ఒక పిల్ల తండ్రికి సంగతి తెలిసింది. ఆయన అక్కడి నుంచి కాలేజీకి రాశాడు. చదువు వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ వ్యాపారం చేయకూడదు, సంపాదించకూడదు. ఆ నలుగురూ కొత్తవాళ్లు, మోసపోయారు. వాళ్లను చేర్పించింది మాత్రం మా మేడ మీద పిల్ల. కాలేజీ ఆమెకు కాగితం ఇచ్చింది. ఎవరి మాట మీద ఈ పని చేశావో బుధవారం లోపల చెప్పు, సరైన జవాబు లేకపోతే సీటు రద్దు. సీటు పోతే వీసా పోతుంది. ఏడాది దాటిన చదువు, వాళ్ల అన్న కష్టం అంతా పోతుంది. ఆ కాగితం నా కౌంటరు మీద పెట్టి చదివి వినిపించింది.

నేను మేడంకు ఫోను చేశాను. ఎత్తలేదు. అప్పటికే ఆ పిల్లను గ్రూపులోంచి తీసేశారు. మా ఆడబిడ్డ పరుగెత్తుకుంటూ వచ్చింది. "నువ్వేం ఫికర్ చెయ్యకు. నీ పేరు రానియ్యకు, నా పేరు అసలే రానియ్యకు. ఆ పొల్ల ఇయ్యాల కాకపోతే రేపు పోయేదే. మనం ఈడ బతకాల్నా వద్దా?" అంది.

సోమవారం కాలేజీ నుంచి నాకు పిలుపు వచ్చింది. లోకల్ గార్డియన్‌ను కదా. విదేశీ విద్యార్థులను చూసుకునే ఆఫీసరు గదిలో ఆ పిల్ల, నేను పక్కపక్కన కూర్చున్నాం. ఆఫీసరు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడాడు. "అమ్మా, ఈమె మీ ఇంట్లనే ఉంటది కద. ఈ కంపెనీ సంగతి మీకు ఎరికేనా?"

నా ఒళ్లో బ్యాగు ఉంది. బ్యాగులో ఆ కంపెనీ పొడి డబ్బా ఉంది, షాపు నుంచి అలాగే వచ్చేశాను.

"నాకు తెల్వదు సార్" అన్నాను.

ఆయన ఆ పిల్లవైపు తిరిగాడు. ఎవరు చేర్పించారు నిన్ను అని అడిగాడు. ఆమె నావైపు చూడలేదు. "ఎవ్వరూ లేరు సార్. నేనే చేరిన" అంది. బుధవారం దాకా టైముంది, ఆలోచించుకుని రాసిమ్మని ఆయన పంపించేశాడు.

ఇంటికొచ్చి ఆమె మెట్లెక్కుతుంటే నేను ఉండబట్టలేక, "నా పేరు ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

ఆమె మూడో మెట్టు మీద ఆగింది. నన్ను ఒక తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ఎట్ల చెప్త అక్కా? రానంటేనే నీ ఇంటికి మంచిది కాదంటివి. నిన్ను పట్టిస్తే ఇంకేమైతదో. నాకు మొదటి రోజే ఆ పొడి అబద్ధమని తెలుసు. మా అమ్మ దవాఖానల నర్సు. రానంటే నీకేమన్న అయితదని వచ్చిన. అన్నం పెట్టిన ఇల్లు."

"అయ్యో పిల్లా, అది అట్ల అంటరు గంతే. ఏం కాదు. ఎవ్వరికీ ఏం కాదు" అన్నాను.

"ఏం కాదా?"

"ఏం కాదు. ఊరికే అంటరు."

ఆమె మెట్టు మీద కూర్చుంది. కూలబడలేదు, నిమ్మళంగా కూర్చుంది. చాలాసేపు తన చేతులు చూసుకుంది. "నేను వాళ్లు నలుగురికి గదే చెప్పిన కద అక్కా. వాళ్లు కూడ నమ్మిన్రు" అంది. అప్పుడు ఏడ్చింది. సీటు పోతుందన్నప్పుడు ఏడవని పిల్ల, ఆ మాట మీద వెక్కి వెక్కి ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వేయబోతే పక్కకు జరిగింది.

లోపలికి వచ్చాను. మా ఆయన లైనింగు బట్ట కత్తిరిస్తున్నాడు. మెట్ల మీది మాటలన్నీ విన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన గట్టిగా మాట్లాడటం నేనెరుగను. కత్తెర కింద పెట్టి, "రేపు నువ్వు పోయి చెప్పకపోతే నేను పోయి చెప్త" అన్నాడు. మళ్లీ కత్తెర తీసుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే వెళ్లాను. ఆఫీసరు ముందు కూర్చుని రాశాను. పొడి సంగతి, బొట్టు సంగతి, ఆమెతో నేను అన్న మాట, వ్యాను, మేడం, మా ఆడబిడ్డ. నాలుగు పేజీలు అయింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"నిన్న తెల్వదన్నరు?"

"నిన్న అబద్ధం చెప్పిన సార్."

"దీంతోటి మీకే ఇబ్బంది కావచ్చు. ఎరికేనా?"

"ఎరికే సార్. ఆ పిల్లను మాత్రం పంపకుండ్రి. ఆమెను చెడగొట్టింది నేను."

బుధవారం కమిటీ కూర్చుంది. సాయంత్రం దాకా షాపులో నేను ఒక్క బట్ట కూడా తీయలేకపోయాను. ఎరుపు చీరకు మెరూన్ ముక్క చించి ఇచ్చి తిట్లు తిన్నాను. ఐదింటికి ఆ పిల్ల వచ్చింది. గట్టిగా మందలించి, సీటు ఉంచారట. ఆ మాట కౌంటరు అవతల నిలబడి చెప్పింది. నేను కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. ఆమె నీళ్లు ముంచి ఇచ్చింది, అంతే. నెలాఖరుకు హాస్టల్లో గది దొరికింది, వెళ్లిపోయింది. కోపంగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ ఐదుగురి డబ్బు సంగతి మేమే చూసుకున్నాం. దాని గురించి రాసి గొప్ప చెప్పుకోను. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. వాళ్లు రెండుసార్లు పిలిచి అడిగారు. మేడం ఫోను మార్చింది, మీటింగులు వేరే హాల్లో నడుస్తున్నాయని విన్నాను. మా ఆడబిడ్డ మా గడప తొక్కడం మానేసింది. సందులో కొందరు నన్ను మెచ్చుకున్నారు, నిజం చెప్పింది అని. వాళ్లు మెచ్చుకుంటుంటే తల కొట్టేసినట్టయ్యేది. సోమవారం ఆ గదిలో నేనేం చెప్పానో వాళ్లకేం తెలుసు?

ఈ వానాకాలం, పదిహేను రోజుల కింద, ఆ పిల్ల మా షాపుకు వచ్చింది. ఏడాది తర్వాత మొదటిసారి. వెంట కొత్తగా దిగిన పిల్లలు ఐదుగురు. ఇంకా ఊరు తెలియక బ్యాగులు గుండెలకు హత్తుకుని, ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నన్ను క్షమించింది కాబట్టే వీళ్లను నా దగ్గరికి తెచ్చింది అనుకున్నాను. స్టూళ్లు జరిపాను, ఫ్యాను వేశాను.

ఆమె కూర్చోలేదు. "బాగున్నవా అక్కా? ఒక పని మీద వచ్చిన. నువ్వు వద్దంటే ఇట్లనే పోత" అంది.

"ఏం పనైనా చెప్పు బిడ్డా" అన్నాను.

ఆమె నన్ను కౌంటరు ఇవతలికి రమ్మంది. వచ్చి నిలబడ్డాను. ఆమె ఆ ఐదుగురి వైపు తిరిగి, నాకు కూడా అర్థం కావాలని కాబోలు, ఇంగ్లిషులో మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది.

"ఈమె ముఖం బాగా చూడండి. ఈమె చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది. ఆకలైతే అన్నం పెట్టింది. ఈ ఊళ్లో నాతో ఇంత మంచిగా ఉన్నవాళ్లు ఇంకొకరు లేరు. మిమ్మల్ని మోసం చేయడానికి వచ్చేవాళ్లు దొంగల్లా ఉంటారని అనుకోకండి. ఇట్లా ఉంటారు."

ఐదు జతల కళ్లు నన్ను చూశాయి. నేను తల దించలేదు. దించితే వాళ్లకు నా ముఖం ఎలా కనపడుతుంది? ఆమె చెప్పిందంతా నిజమని తెలియాలని తల ఊపాను. మా ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె థ్యాంక్స్ అక్కా అని చెప్పి వాళ్లను తీసుకుని మెట్లు దిగింది. అందరికంటే చిన్నపిల్ల ఒకతి వెనకబడి, ఏం చేయాలో తోచక నన్ను చూసి నవ్వింది. రొట్టె తిని బతుకుతున్న ముఖం, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. తిని పోదువు రా బిడ్డా అని నా నోటిదాకా వచ్చింది.

పిలవలేదు.